రొట్టెలు కాల్చిన క్రిస్టఫర్ లడ్విక్

మనకు అన్నమెట్టిదో, పాశ్చాత్యులకు పులిసిన గోధుమపిండితో కాల్చిన రొట్టె అట్టిది. అన్నమును మనము ఇంటింటను వండుకొందుము. రొట్టె సంగతి వేరు. దానిని కాల్చుటకు ఇటుకలతో కట్టిన పెద్ద బట్టీ కావలెను. అందులో కట్టెలు చాలసేపు మండి ఇటుకలు లోపలివఱకు కాగవలెను. పిండి ముందుగనే పిసికి పులియబెట్టవలెను. ఇంత ప్రయాస ప్రతి గృహమునను పడుట కష్టము. అందుచేత ఐరోపాఖండపు పట్టణములలో రొట్టెలు కాల్చుట ఒక ప్రత్యేకమైన వృత్తిగా వెలసెను. ఊరెల్ల నిద్రించువేళ రొట్టెలవాడు మేల్కొని పిండి పిసుకుచుండును. తెల్లవాఱి జనులు తలుపులు తెఱచునప్పటికి వాని అంగడినుండి వేడి రొట్టెల వాసన వీధియంతయు వ్యాపించును. ఈ వృత్తి సామాన్యముగా తండ్రినుండి కొడుకునకు సంక్రమించుచుండెడిది. కొడుకు దేశాంతరము పోయినను చేతిలోని విద్య వానితోకూడ పోయెడిది. అట్లు పరదేశము చేరి, ఆ దేశపు సేనకంతకును రొట్టె పెట్టిన యొకని చరిత్రము ఇది.

క్రిస్టఫర్ లడ్విక్ 1720వ సంవత్సరము అక్టోబరు 17వ తేదీన జర్మనీ దేశమందలి గీసెన్ పట్టణమున జన్మించెను. ఆ కాలమున జర్మనీ ఒక్క రాజ్యము కాదు. చిన్నవియు పెద్దవియునగు అనేక సంస్థానములుగా చీలియుండెను. గీసెన్ పట్టణము హెస్సె-డార్మ్‌స్టాట్ అను సంస్థానములోనిది. అతని తండ్రి రొట్టెలు కాల్చి జీవించువాడు. బాలుడు తండ్రి బట్టీయొద్దనే పెరిగి, పిండి పాలు, నిప్పు పాలు తెలిసికొనెను. పదునాలుగవ యేట తండ్రి అతనిని ఒక ఉచిత పాఠశాలకు పంపెను. అచ్చట చదువను, వ్రాయను, కూడికలు తీసివేతలు మొదలగు సామాన్య గణితమును నేర్చెను. జీతము కట్టనక్కఱలేని ఆ బడిలో నేర్చిన యా నాలుగక్షరములే అతని చదువంతయు. ఈ సంగతిని చదువరులు జ్ఞప్తియందుంచుకొనవలెను. ఈ కథ చివర దానితో పని కలదు.

బట్టీవేడిమికన్న లోకము చూడవలెనను వేడిమి ఆ యువకునకు ఎక్కువ. పదునేడవ యేట అతడు ఆస్ట్రియా చక్రవర్తి సేనలో సిపాయిగా చేరెను. అప్పుడు ఆస్ట్రియనులకును తురుష్కులకును యుద్ధము జరుగుచుండెను. యుద్ధము ముగిసిన పిమ్మట అతడు నూర్గురు సైనికులతో గూడి వియన్నా నగరమునకు కాలినడకన బయలుదేరెను. దారి నిర్జనము, చలి భరింపరానిది, తిండి లేదు. వియన్నా చేరునప్పటికి ఆ నూర్గురిలో డెబ్బదియైదుగురు దారిలోనే మరణించిరట. మిగిలిన ఇరువదియైదుగురిలో లడ్విక్ ఒకడు. అటుపిమ్మట అతడు ప్రేగు నగరము చేరి అచ్చట పదునేడు వారముల ముట్టడిలో చిక్కుకొనెను. 1741లో నగరము ఫ్రెంచివారి వశమయ్యెను. ఆపై కొంతకాలము ప్రష్యారాజు సేనలో పనిచేసెను. ఆకలి యనగా నేమో, సైనికునకు రొట్టె దొరకకపోయినచో నేమగునో అతడు పుస్తకములలో చదివి తెలిసికొన్నవాడు కాడు.

సిపాయి బ్రతుకు విడిచి అతడు లండను చేరెను. చేతిలో ధనము లేదు. తండ్రి నేర్పిన విద్య మాత్రము కలదు. దానిని నమ్ముకొని, తూర్పు దేశములతో వర్తకము చేయు 'డ్యూక్ ఆఫ్ కంబర్లాండు' అను ఓడలో రొట్టెలు కాల్చు పనివాడుగా కుదిరెను. ఆ ఓడ వచ్చినది మన దేశమునకే. 1740వ దశకమున ఇంగ్లీషు, ఫ్రెంచి వర్తక సంఘములు చెన్నపట్టణము, పుదుచ్చేరి మొదలగు తావులకొఱకు పోరాడుచుండెను. లడ్విక్ భారతదేశమందలి వివిధ ప్రాంతములలో మూడున్నర సంవత్సరములు గడపెనని అతని చరిత్ర వ్రాసిన వైద్యుడు బెంజమిన్ రష్ చెప్పుచున్నాడు. ఈ రష్ సామాన్యుడు కాడు. అమెరికా స్వాతంత్ర్య ప్రకటనమున సంతకము చేసినవారిలో ఒకడు, లడ్విక్‌నకు మిత్రుడు. మనదేశమున లడ్విక్ ఏమేమి చూచెనో, ఎవరితో మాటలాడెనో రష్ వివరింపలేదు. అది మనకు కొంత లోటుగనే తోచును.

ఓడ పని ముగించుకొని, జీతపు సొమ్ము చేతబట్టుకొని, అతడు తండ్రిని చూడగోరి జర్మనీకి పోయెను. తండ్రి అప్పటికే గతించియుండెను. ఉన్న ఆస్తియంతయు కుమారునకే విడిచిపోయెను. గీసెనులో నిలిచి తండ్రి వృత్తిని సాగించియుండినచో లడ్విక్ పేరు ఆ వీధి దాటియుండెడిది కాదు. అతడట్లు చేయలేదు. ఆ యాస్తిని అమ్మివేసెను. వచ్చిన సొమ్ముతో లండను చేరి, అచ్చటి వినోదములలో దానినంతయు వ్యయపఱచెను. తండ్రి ఎన్ని రాత్రులు మేల్కొని కూడబెట్టెనో ఆ ధనము కొలది కాలములోనే కరగిపోయెను. మహనీయుల చరిత్రములలో ఇట్టి సంగతులను కొందఱు దాచిపెట్టుదురు. దాచవలసిన పనిలేదు; లడ్విక్ కూడ దాచలేదు కాబోలు, అతని మిత్రుడు దీనిని వ్రాసియుంచినాడు. పిమ్మట అతడు మరల నావికుడై, లండనునుండి హాలెండు, ఐర్లాండు, వెస్టిండీసు దీవులకు పోవు ఓడలలో కొన్ని సంవత్సరములు తిరిగెను.

1753లో అతని జీవితము మలుపు తిరిగెను. ఇరువదియైదు పౌనుల వెలగల కుట్టిన బట్టలను కొని, వానిని ఓడలో వేసికొని, అతడు అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరమునకు వచ్చెను. అప్పటికి అమెరికా ఇంగ్లండు రాజు ఏలుబడిలోనుండెను. ఆ బట్టలు మంచి లాభమునకు అమ్ముడుపోయెను. ఊరు అతనికి నచ్చెను. అచ్చట వేలకొలది జర్మనులు కాపురముండిరి. వీధిలో నడచుచుండగా మాతృభాష చెవినబడుచుండెను. కాని ఈసారి అతడు తొందరపడలేదు. అచ్చట ఏ వస్తువు కొఱతగా నున్నదో విచారించి చూచెను. మామూలు రొట్టెలు కాల్చువారు పలువురుండిరి. మిఠాయి రొట్టెలు చేయువారు అరుదుగా నుండిరి. లడ్విక్ తిరిగి లండను పోయి, తొమ్మిది మాసములు ఒక నిపుణునియొద్ద ఆ పని అభ్యసించెను. అప్పటికి అతనికి ముప్పదిమూడు సంవత్సరములు. అంత వయస్సు వచ్చి, ఇన్ని దేశములు తిరిగిన తరువాత, మరల శిష్యుడుగా కూర్చుండుటకు అతడు సిగ్గుపడలేదు.

1754లో అతడు జింజర్‌బ్రెడ్ అచ్చులను తీసికొని ఫిలడెల్ఫియాకు తిరిగి వచ్చెను. జింజర్‌బ్రెడ్ అనునది అల్లపుపొడి, సుగంధద్రవ్యములు, చెఱకుపాకమువంటి నల్లని తీపిపాకము గోధుమపిండిలో కలిపి చేయు మిఠాయి. మనుష్యులు, జంతువులు, పువ్వుల ఆకారములు చెక్కిన కొయ్య అచ్చులలో ఆ పిండిని అదిమి తీసి కాల్చుదురు. జర్మనులకు ఇది పండుగల పిండివంట. ఆ అచ్చులతో డెలావేర్ నది రేవునకు సమీపముననున్న లెటీషియా కోర్టు అను సందులో అతడు అంగడి పెట్టెను. ఓడలు దిగి వచ్చు నావికులు, బడికి పోవు పిల్లలు, జర్మను గృహిణులు అందఱును అచ్చటికి రాసాగిరి. 1755లో అతడు కేథరిన్ ఇంగ్లండు అను వితంతువును వివాహమాడెను. భార్యాభర్తలిరువురును కష్టపడుటచే వ్యాపారము వృద్ధిపొందెను. వారికి కలిగిన బిడ్డలు మాత్రము దక్కలేదు. తండ్రి తనకు నేర్పిన విద్యను తాను తన కొడుకునకు నేర్పు భాగ్యము లడ్విక్‌నకు లేకపోయెను.

అతడు పొడవైనవాడు, సిపాయివలె నిటారుగా నడచువాడు, గట్టిగా మాటలాడువాడు. సందులో ఎవరికి తగవు వచ్చినను అతనియొద్దకు పోయెడివారు. చుట్టుప్రక్కలవారు హాస్యముగను, ఆదరముగను అతనిని లెటీషియా సందు గవర్నరని పిలుచుచుండిరి. ఆ రోజులలో జర్మనీనుండి వచ్చు బీదలు ఓడ కిరాయి చెల్లింపలేక, ఎవరైన ఆ సొమ్ము చెల్లించినచో కొన్ని సంవత్సరములు వారికి ఊడిగము చేయుటకు ఒప్పుకొని దిగుచుండిరి. ఓడలలో తిండి చాలక, జ్వరములు పట్టి, దిగునప్పటికే సగము చచ్చినవారుగా నుండిరి. ఇట్టివారికి సహాయము చేయుటకు 1764లో ఫిలడెల్ఫియాలోని జర్మనులు ఒక సంఘమును స్థాపించిరి. లడ్విక్ ఆ సంఘమునకు తోడ్పడెను. తానును ఒకనాడు ఆ రేవున పరదేశిగా దిగినవాడే గదా!

ఇరువది సంవత్సరములు గడచెను. 1776 నాటికి అతనికి ఫిలడెల్ఫియాలో తొమ్మిది ఇండ్లు, జర్మన్‌టౌను అను గ్రామమువద్ద ఒక వ్యవసాయక్షేత్రము, వడ్డీకిచ్చిన మూడువేల ఐదువందల పౌనుల రొక్కము ఉండెను. ఏబదియైదేండ్ల వయస్సు, ఇక విశ్రాంతిగా కూర్చుండి తినవచ్చును. కాని ఆ సమయముననే అమెరికనులకును ఇంగ్లండు రాజునకును యుద్ధము సంభవించెను. లడ్విక్ మొదటినుండియు స్వాతంత్ర్యపక్షమువాడు. 1774 మొదలు ఆ యుద్ధమునకు సంబంధించిన సభలలో సభ్యుడుగా పనిచేసెను. ఒక సభలో, తుపాకులు కొనుటకు ప్రభుత్వ ధనము లేదు గనుక పౌరులు చందాలు వేసికొనవలెనని మిఫ్లిన్ అను నాయకుడు ప్రతిపాదించెను. సభ్యులు పలువురు వెనుకాడిరి. అది జరుగని పని యని కొందఱు వాదించిరి. అప్పుడు లడ్విక్ లేచి, తాను కేవలము జింజర్‌బ్రెడ్ కాల్చు బీదవాడననియు, తన పేర రెండువందల పౌనులు వ్రాసికొనవలెననియు పలికి కూర్చుండెను. వాదమంతటితో ముగిసెను. ప్రతిపాదనము ఏకగ్రీవముగా అంగీకరింపబడెను.

ధనమిచ్చి ఊరకుండలేదు. ఆ వేసవిలోనే అతడు జీతము లేని స్వచ్ఛంద సైనికుడుగా సేనలో చేరెను. అచ్చట అతని జర్మను పుట్టుక అక్కఱకు వచ్చెను. ఇంగ్లండు రాజు ఈ యుద్ధమునకై జర్మను సంస్థానాధిపతులవద్దనుండి సిపాయిలను అద్దెకు తెచ్చుకొనియుండెను. యుద్ధకాలమంతటిలో అట్లు వచ్చినవారు సుమారు ముప్పదివేలమంది. వారిలో పెక్కురు హెస్సె-కాసెల్ సంస్థానమునుండి వచ్చినవారగుటచే, అందఱికిని హెస్సియనులు అను పేరు స్థిరపడెను. తలకింత యని వెల కట్టి ప్రభువులు తమ ప్రజలను పరుల యుద్ధమునకు పంపి, ఆ సొమ్ము తమ ఖజానాలలో వేసికొనిరి. ఆ సిపాయిలు లడ్విక్‌నకు పరాయివారు కారు. వారి భాష అతని భాష. వారి గ్రామములు గీసెన్ పట్టణమునకు ఎంతో దూరమున లేవు. తానును పదునేడవ యేట అట్లే ఎవరి యుద్ధమునకో పోయినవాడు.

ఒకనాడు లడ్విక్ సేనాధిపతియగు వాషింగ్టను అనుమతి పొంది, పారిపోయి వచ్చినవానివలె నటించుచు, స్టాటెన్ ద్వీపమందలి హెస్సియనుల దండులో ప్రవేశించెను. పట్టుబడినచో ఉరి తప్పదు. అతడు వారితో వారి భాషలో మాటలాడి, పెన్సిల్వేనియాలోని జర్మను రైతులు ఎట్లు సొంత భూములతో, కడుపునిండ భోజనముతో, ఎవరికిని తలవంచక జీవించుచున్నారో చెప్పి, క్షేమముగా తిరిగి వచ్చెను. మఱియొకప్పుడు ఎనిమిదిమంది హెస్సియనులు పట్టుబడిరి. వారినేమి చేయవలెనని ఆలోచించుచుండగా లడ్విక్ ఒక ఉపాయము చెప్పెను. వారిని చెఱలో వేయవద్దనియు, ఫిలడెల్ఫియాకు కొనిపోయి జర్మనులు కట్టుకొన్న దేవాలయములను, పనివారల చక్కని ఇండ్లను, వారు తిను భోజనమును చూపించి, పిమ్మట తిరిగి వారి దండునకే పంపివేయవలెననియు కోరెను. అట్లే చేసిరి. వెళ్లినవారు తాము చూచినది తోటివారికి చెప్పిరి. ఆ మాటలు విని వందలకొలది హెస్సియనులు దండు విడిచి వచ్చిరని రష్ వ్రాసినాడు. మిత్రుడు వ్రాసిన లెక్క గనుక కొంత తగ్గించి చదువుకొన్నను తప్పులేదు. యుద్ధము ముగిసిన తరువాత వేలకొలది హెస్సియనులు అమెరికాలోనే స్థిరపడిరను మాట మాత్రము వాస్తవము.

ఇక అతని ముఖ్యమైన పని. అమెరికను సేనలో ప్రతి సైనికునకును దినమునకు ఒక పౌను రొట్టెగాని, ఒక పౌను గోధుమపిండిగాని ఇయ్యవలెనని నియమముండెను. బట్టీలు లేక చాలసార్లు పిండియే ఇచ్చుచుండిరి. ఆ పిండిని సిపాయిలేమి చేయగలరు? నీటితో తడిపి, వేడి రాళ్లమీదనో, నిప్పుకణికల బూడిదలోనో వేసి కాల్చుకొనిరి. పైన మాడి లోపల పచ్చిగానుండు ఆ ముద్దలు తిని కడుపునొప్పులతో మంచము పట్టినవారెందఱో. కొందఱు తమ పిండిని సమీపములోని రొట్టెలవారికిచ్చి, పౌను పిండికి పౌను రొట్టె పుచ్చుకొని, సమముగా వచ్చినదని సంతోషించుచుండిరి. ఇందులో నొక మోసమున్నది. పిండిలో నీరు కలిపి పిసుకుదురు గదా. బట్టీలో కొంత నీరు ఆవిరియై పోయినను, కొంత రొట్టెలోనే నిలిచిపోవును. కాబట్టి నూరు పౌనుల పిండికి నూరు పౌనుల రొట్టెకాదు, అంతకన్న చాల ఎక్కువ రావలెను. ఆ యెక్కువ భాగమంతయు రొట్టెలవాని సంచిలోనికి పోవుచుండెను.

ఈ లోపమును సవరించుటకు కాంగ్రెసు మహాసభవారు 1777వ సంవత్సరము మే నెల 3వ తేదీన లడ్విక్‌ను సేనకంతకును రొట్టెల పర్యవేక్షకుడుగ నియమించిరి. జీతము నెలకు డెబ్బదియైదు డాలర్లు, దినమునకు ఇద్దఱు మనుష్యుల భోజనసామగ్రి. సభవారు అతనిని నూరు పౌనుల పిండికి నూరు పౌనుల రొట్టె ఇయ్యవలెనని అడిగిరి. అది వాడుకయే, ఒప్పుకొని సంతకము చేసినచో లడ్విక్ కొలదికాలములోనే కోటీశ్వరుడై యుండెడివాడు. ఎవరును తప్పుపట్టియుండరు. కాని అతడు ఒప్పుకొనలేదు. యుద్ధమువలన ధనవంతుడగుట తనకిష్టము లేదనియు, తనకు ఉన్నది చాలుననియు, నూరు పౌనుల పిండికి నూట ముప్పదియైదు పౌనుల రొట్టె వచ్చుననియు, అంతయు తాను ఇచ్చెదననియు చెప్పెను. సభవారికి ఆ లెక్క అంతవఱకు తెలియదు. గీసెనులో తండ్రి బట్టీయొద్ద నేర్చిన రహస్యమును, అడుగనివారికి తానే విప్పి చెప్పెను. ఈ యొక్క సంగతిచేతనే అతని పేరు చిరకాలము నిలువదగియున్నది.

పని మాటలలో చెప్పినంత సులభము కాదు. సేన ఒకచోట నిలువదు, బట్టీలు నడువలేవు. సేన ఎచ్చటికి పోవునో ముందుగా తెలిసికొని, అచ్చట బట్టీలు కట్టించి, పిండిని, కట్టెలను, పనివాండ్రను చేర్పవలెను. అవి చేరునప్పటికి దండు వేఱొక దిక్కునకు మఱలును. దారిలో చెడిపోకుండుటకు గట్టి బిస్కత్తువంటి ఎండు రొట్టెలు కూడ కాల్పింపవలసివచ్చెను. పిండియే రాని రోజులలో మంచి రొట్టెలవాడైనను ఏమి చేయును? వ్యాలీఫోర్జ్ వద్ద 1777-78 చలికాలమున సేన పడిన ఆకలి చరిత్రలో ప్రసిద్ధము. లడ్విక్ పనివాండ్రను కూర్చుకొని, అధికారులతో పోట్లాడి, పిండి దొరకినచోటనెల్ల రొట్టె చేయించెను. వాషింగ్టను అతనిని పలుమాఱులు తన పంక్తిని కూర్చుండబెట్టుకొని భోజనము చేసెడివాడు. గొప్ప గొప్ప అధికారుల నడుమ సేనాధిపతి ఈ రొట్టెలవానిని తన నిజాయతీగల మిత్రుడని సంబోధించుచుండెను. 1781 అక్టోబరులో యార్క్‌టౌనువద్ద ఇంగ్లీషు సేనాపతి కార్న్‌వాలిసు లొంగిపోయెను. (ఈ కార్న్‌వాలిసే తరువాత మన దేశమునకు గవర్నరు జనరలుగా వచ్చినవాడు.) ఓడిపోయిన ఆ సేనకు తిండి పెట్టవలసివచ్చెను. వాషింగ్టను ఆజ్ఞపై లడ్విక్ వారికొఱకు ఆఱువేల పౌనుల రొట్టె కాల్పించెను. నిన్నటివఱకు శత్రువులైనవారికిని, ఆ రొట్టెలో తూకము తగ్గలేదు.

యుద్ధము ముగిసి ఇల్లు చేరునప్పటికి అతనికి మిగిలినదేమి? ఫిలడెల్ఫియా ఇంగ్లీషువారి వశమైయున్న కాలమున వారు జర్మన్‌టౌనులోని అతని ఇంటిని దోచుకొనిరి. సామాను, బట్టలు అన్నియు పోయెను. వడ్డీకిచ్చిన సొమ్మును బాకీదారులు వెల పడిపోయిన కాగితపు నాణెములతో చెల్లించిరి. చేతిలో రొక్కము లేదు. అప్పు చేయుటకు అతనికి మనసొప్పలేదు. దుప్పట్లు కొనలేక ఆఱు వారములపాటు కంబళ్ల నడుమ పరుండెనట. సేనలో చేసిన పనికి తగిన ప్రతిఫలము కొఱకు కాంగ్రెసువారికి విన్నపములు పెట్టుకొనవలసి వచ్చెను. నూట ముప్పదియైదు పౌనుల లెక్క చెప్పినవాడు ఇట్లు తిరుగవలసివచ్చుట చూచినపుడు మనసునకు కష్టముగనే యుండును. 1785లో వాషింగ్టను తన స్వహస్తముతో అతని నిజాయతీని, సేవను ప్రశంసించుచు ఒక యోగ్యతాపత్రమును వ్రాసియిచ్చెను. లడ్విక్ దానిని అద్దపు చట్రములో బిగించి, వచ్చినవారందఱికిని కనబడునట్లు ఇంటి చావడిలో వ్రేలాడదీసెను. ఆ కాగితము తన నష్టమంతటికిని సరిపోయినదని అతడు భావించెనని రష్ వ్రాసెను.

క్రమముగా ఇండ్ల అద్దెలవలన, వ్యవసాయమువలన అతడు మరల కుదుటబడెను. ఆ కాలమున ఫిలడెల్ఫియాను పచ్చజ్వరము అను భయంకరవ్యాధి పలుమాఱులు పీడించెను. 1793లో అది సుమారు ఐదువేలమందిని పొట్టబెట్టుకొనెను. 1797లో ఆ వ్యాధి మరల వచ్చినపుడు ధనికులు ఊరు విడిచిపోయిరి, అంగళ్లు మూతపడెను, బీదలు వ్యాధికన్న ముందు ఆకలికే చచ్చు స్థితి ఏర్పడెను. లడ్విక్‌నకు అప్పుడు డెబ్బదియాఱవ యేడు. అతడు మఱియొక రొట్టెలవానితో గూడి, తిరిగి పిండిలో చేయిపెట్టి, బీదలకు ఉచితముగా రొట్టెలు కాల్చి పంచిపెట్టెను. అంతకు ముందటి సంవత్సరమే భార్య కేథరిన్ మరణించియుండెను. 1798లో అతడు సోఫియా బైండర్ అను నామెను పెండ్లాడెను. 1801వ సంవత్సరము జూను 17వ తేదీన ఎనుబదియవ యేట ఫిలడెల్ఫియాలో మరణించెను. జర్మన్‌టౌనులోని లూథరను దేవాలయ ప్రాంగణమున అతనిని సమాధి చేసిరి.

సంతానము లేదు; తొమ్మిది ఇండ్లవాని ఆస్తి ఎవరికి? మరణశాసనము తెఱచి చూచిరి. బంధువులకును, ఆసుపత్రికిని, జర్మను సంఘమునకును, విశ్వవిద్యాలయమునకును కొంత కొంత వ్రాసియుండెను. మిగిలిన భాగమంతయు బీదపిల్లలకు ఉచితముగా చదువు చెప్పు పాఠశాలకు చెందవలెననియు, ఆ బడిలో తల్లిదండ్రుల దేశము, కులము, మతము విచారింపక అందఱు పిల్లలను చేర్చుకొనవలెననియు నిర్ణయించియుండెను. ఆ నిధిని చేపట్టుటకు, ఏ సంస్థ మొదట చట్టప్రకారము నమోదగునో దానికే చెందునని యొక షరతు కూడ పెట్టెను. గీసెనులోని ఆ ఉచిత పాఠశాలను అతడు అఱువదియాఱు సంవత్సరములైనను మఱువలేదు.

ఆ షరతుచేత ఒక వింత జరిగెను. రెండు పక్షములవారు ఆ నిధిని ఆశించిరి. ఒకటి విశ్వవిద్యాలయము, రెండవది బీదబాలురకు రాత్రివేళ చదువు చెప్పుటకై కొలదికాలము క్రిందట కొందఱు యువకులు పెట్టుకొన్న చిన్న సంఘము. అప్పటి రాష్ట్ర రాజధాని లంకాస్టరు. ఫిలడెల్ఫియాకు సుమారు అఱువది మైళ్ల దూరము. పత్రములు చేతబట్టుకొని ఇరుపక్షములవారును గుఱ్ఱములెక్కి పరుగెత్తిరి. యువకుల సంఘపు దూత ముందుగా చేరి పత్రము నమోదు చేయించెను. ఆ సంఘమువారు లడ్విక్ ధనముతో బడిని పెంచి, నగరములో భవనము కట్టించి, బాలురకును బాలికలకును చదువు చెప్పించిరి. 1872లో ఆ సంఘమునకు లడ్విక్ పేరే పెట్టిరి. అతని నిధి ఇరువదియొకటవ శతాబ్దమున ప్రవేశించిన తరువాతను ఫిలడెల్ఫియాలోని పిల్లల చదువునకు ధనమిచ్చుచునే యున్నది. ఓడలు దిగి వచ్చిన జర్మనుల బిడ్డలు, ఐరిషువారి బిడ్డలు ఆ బడి బల్లలమీద ప్రక్కప్రక్కన కూర్చుండి, లడ్విక్ తన పదునాలుగవ యేట నేర్చిన ఆ కూడికలు తీసివేతలనే నేర్చుకొనిరి.